లాటిన్, ఇటాలియన్, ఫ్రెంచ్: యూరప్ కళనూ సాహిత్యాన్నీ మూలంలో చదవాలంటే ముందు ఏది మేలు?

యూరప్ కళాచరిత్ర మీద ఇంగ్లీషులో ఒకటి రెండు పెద్ద పుస్తకాలు పూర్తిచేసినవాళ్ళు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. బొమ్మ మీద అక్షరాలు కనిపిస్తుంటాయి, అర్థం కావు. ఇటాలియన్ కవి డాంటే కావ్యాన్ని అనువాదంలో చదువుతుంటే కథ అందుతుంది, పద్యం అందదు. ఇక ఏదో ఒక భాష నేర్చుకోక తప్పదని అప్పుడు తెలుస్తుంది. మరి ఏది? లాటినా, ఇటాలియనా, ఫ్రెంచా? జర్మన్ లేకుండా కుదురుతుందా?

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. 1300 నుంచి 1600 దాకా ఇటలీ మీద మనసుండి, రోజుకు గంట మాత్రమే తీరిక ఉన్నవారు ఇటాలియన్‌తో మొదలుపెట్టాలి. ఏడో నెల నుంచి దాని పక్కన కొద్దిగా లాటిన్ చేర్చుకోవాలి. మఠాలు, చేతిరాత ప్రతులు, పాత చర్చీల శిల్పం మీద ఆసక్తి అయితే లాటినే ముందు. 1650 తర్వాతి యూరప్ కావాలంటే ఫ్రెంచ్. ఈ లెక్క ఎవరికైనా వర్తిస్తుంది. కానీ తెలుగు మాట్లాడేవారికి ఈ భాషల్లో ఒక్కోదాని దగ్గర ఒక్కో వెసులుబాటు ఉంది. ఎంపికలో దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒక్కో భాష ఎన్ని శతాబ్దాలు తెరుస్తుంది

మాట్లాడటానికి భాష నేర్చుకునేవాడు ఈరోజు ఎంతమంది మాట్లాడతారో చూస్తాడు. పాత సాహిత్యం చదవడానికి నేర్చుకునేవాడు చూడవలసింది వేరు: ఈ వ్యాకరణం పట్టుకుని ఎంత వెనక్కి వెళ్ళగలం?

ఈ కొలతలో లాటిన్‌కు సాటి లేదు. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దపు సిసెరో ఉపన్యాసానికీ, 13వ శతాబ్దంలో రాసిన సాధువుల కథలకూ, 1687లో అచ్చయిన న్యూటన్ ప్రిన్కిపియాకూ మూల వ్యాకరణం ఒక్కటే. మాటలు మారాయి, వాక్యం పోకడ మారింది, విభక్తులు మారలేదు. ఎవరికీ తల్లి భాష కాకుండా పోయాక అది బడిలో నేర్చుకునే భాషగా నిలిచింది. అందుకే స్థిరంగా ఉండిపోయింది.

ఇటాలియన్ సంగతి ఇంకా విచిత్రం. 1321లో చనిపోయిన డాంటేను ఈనాటి ఇటాలియన్ తెలిసినవాడు అడుగున నోట్సు ఉంటే చదవగలడు. కారణం 1525లో పండితుడు పియేత్రో బెంబో వాదించి నిలబెట్టిన నియమం: 14వ శతాబ్దపు రచయితల్లో పద్యానికి పెత్రార్కా, వచనానికి బొక్కాచ్చో ప్రమాణం. 1612లో క్రుస్కా అకాడమీ వేసిన నిఘంటువు కూడా 14వ శతాబ్దపు ఫ్లోరెన్స్ భాష మీదే నిలబడింది. ఇళ్ళలో, బజార్లలో జనం తమ తమ ప్రాంతీయ భాషలే మాట్లాడుకున్నారు. పుస్తకాల భాషకు బజారు రాపిడి తగల్లేదు. మన గ్రాంథికం శతాబ్దాల పాటు ఎలా నిలిచిందో తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఫ్రెంచ్ అలా కాదు. ఈనాటి ఫ్రెంచ్‌తో 1640 దాకా హాయిగా వెళ్ళవచ్చు. 1580లో వచ్చిన మాంటేన్ వ్యాసాలు నోట్సుతో నడుస్తాయి. 1100 ప్రాంతపు రోలాండ్ గీతం దగ్గర మాత్రం బండి ఆగిపోతుంది. అది పాత ఫ్రెంచ్, దాన్ని విడిగా నేర్చుకోవలసిందే.

లాటిన్: బొమ్మ మీది అక్షరాలు

సియెనా చర్చి కోసం 1333లో సిమోనె మార్తీని చేసిన దేవదూత వార్త చిత్రం ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీలో ఉంది. దేవదూత నోటి నుంచి మరియ చెవి వైపు బంగారు అక్షరాలు గాలిలో వరుసగా సాగుతాయి: ఆవే గ్రాత్సియా ప్లేనా దోమినుస్ తేకుమ్. లూకా సువార్త 1వ అధ్యాయం 28వ వచనం ఇది. తెలుగు కతోలికులు రోజూ చెప్పుకునే జపంలో ఇదే ఉంది: "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము, ఏలినవారు మీతో ఉన్నారు." గ్రాత్సియా అంటే ప్రసాదం, ప్లేనా అంటే నిండినది. మధ్యలో ఉన్న 'చేత' ఎక్కడ నుంచి వచ్చింది? గ్రాత్సియా చివరి దీర్ఘంలో నుంచి. హ్రస్వమైతే ప్రథమా విభక్తి, దీర్ఘమైతే అబ్లేటివ్. ఆ ఒక్క విభక్తి మన తృతీయ, పంచమి, సప్తమి మూడింటి పనీ చేస్తుంది. రాతలో హ్రస్వదీర్ఘాల తేడా చూపరు. అందుకే వాక్యం చూసి పోల్చుకోవడం అలవాటు కావాలి.

లాటిన్ నామవాచకాలు ఐదు తరగతులు, క్రియలు నాలుగు తరగతులు, విభక్తులు సంబోధనతో కలిపి ఆరు. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి రైతు కూతుర్ని ప్రేమిస్తున్నాడా, కూతురు రైతునా అనేది మాటల వరస బట్టి తెలుస్తుంది. తెలుగువాడికి 'ని' బట్టి తెలుస్తుంది. లాటిన్‌లో 'మ్' బట్టి: అగ్రికోలా ఫీలియమ్ అమత్. రైతు, కూతురిని, ప్రేమిస్తాడు. క్రియ చివరికి రావడం కూడా మనకు కొత్త కాదు. కొత్తది విశేషణం. 'పెద్ద ఇల్లు', 'పెద్ద ఇంట్లో' అన్నప్పుడు మన 'పెద్ద' మారదు. లాటిన్‌లో నామవాచకంతో పాటు లింగ వచన విభక్తులన్నీ మార్చుకుంటుంది. శబ్దమంజరి పట్టుకుని రామః రామౌ రామాః వల్లెవేసినవారికి ఇక్కడ పని సగం అయిపోయినట్టే. అస్తికి ఎస్త్, అగ్నికి ఇగ్నిస్, దంతానికి దెంతెమ్, నవానికి నోవుస్: చుట్టరికాలు అడుగడుగునా తగులుతాయి.

ఈ వ్యాకరణం లేకపోతే ఏం పోతుంది? ఒక 'కూడా' పోతుంది. పారిస్ లూవ్ర్‌లో 1638 ప్రాంతంలో ఫ్రెంచ్ చిత్రకారుడు పూసాఁ వేసిన చిత్రం ఒకటి ఉంది. గొర్రెల కాపరులు ఒక సమాధి మీది రాతను వేలితో తడుముతూ చదువుతుంటారు: ఎత్ ఇన్ ఆర్కాదియా ఎగో. 'నేను కూడా ఆర్కేడియాలో ఉండేవాణ్ణి' అని, చనిపోయిన కాపరి మాటగా, చాలాకాలం అనువదించారు. ఆర్కేడియా అంటే కవులు ఊహించిన కాపరుల సుఖసీమ. లాటిన్ వరస ప్రకారం 'ఎత్' అంటుకోవలసింది స్థలానికి: 'ఆర్కేడియాలో కూడా నేను ఉన్నాను.' అంటే మాట్లాడుతున్నది మృత్యువు. కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1936లో ఈ తేడా మీదే ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. తెలుగులో 'కూడా' ఎక్కడ పెడితే అర్థం ఎలా మారుతుందో మనకు చెప్పనవసరం లేదు.

ఇంకొకటి, కాలాల సంగతి. వాటికన్‌లోని పియెతా శిల్పంలో మరియ ఛాతీ మీది పట్టీపై మైఖెలాంజిలో పేరు చెక్కి ఉంది. క్రియ 'ఫేచిత్' కాదు, 'ఫాచియేబత్'. మొదటిది 'చేశాడు'. రెండోది 'చేస్తూ ఉండేవాడు'. పాత గ్రీకు శిల్పులు పని ఎప్పటికీ ముగియదన్నట్టు ఈ అసంపూర్ణ క్రియతో సంతకం చేసేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 24 ఏళ్ళ శిల్పి ఆ సంప్రదాయం ఎత్తుకున్నాడు. అనువాదంలో రెండూ 'చేసినవాడు' అయిపోతాయి.

అచ్చు చిత్రాలు చూసేవారికి ఐదు మాటలు చాలు, ఎన్నో సందేహాలు తీరతాయి. పేరు పక్కన 'పిన్‌క్సిత్' ఉంటే అసలు రంగుల చిత్రం వేసినవాడు, 'ఇన్వేనిత్' ఉంటే రూపకల్పన చేసినవాడు, 'దెలినేయావిత్' ఉంటే గీత గీసినవాడు, 'స్కుల్ప్‌సిత్' ఉంటే రాగిరేకు మీద చెక్కినవాడు, 'ఎక్స్‌కూదిత్' ఉంటే అచ్చువేసి అమ్మినవాడు. మామూలుగా కింద ఎడమవైపు మొదటివాడు, కుడివైపు చెక్కినవాడు ఉంటారు. ఇవి తెలియక చెక్కినవాణ్ణే చిత్రకారుడనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

శాసనాల దగ్గర చిక్కు పదాలది కాదు, పొదుపుది. అక్షరం మీద అడ్డగీత ఉంటే మ గానీ న గానీ మింగేశారని గుర్తు. దోమినుస్‌ను మూడక్షరాలకు కుదిస్తారు. ఉ, వ రెండింటికీ ఒకే అక్షరం. ఫోన్ కెమెరా అనువాదం తప్పుదారి పట్టేది ఇక్కడే: కుదించిన మాటను పూర్తి మాటగా తీసుకుని ఏదో ఒక అర్థం చెప్పేస్తుంది. ముందు కాగితం మీద మాటను విప్పి రాసుకుని, ఆ తర్వాతే నిఘంటువు తెరవాలి.

ఉచ్చారణ రెండు రకాలు. పాత రోమన్ పద్ధతిలో కైసర్, గ్రాతియా. చర్చి పద్ధతిలో చేజర్, గ్రాత్సియా. చిత్రకళ, చర్చి సంగీతం, ఆ పక్కనే ఇటాలియన్ అయితే చర్చి పద్ధతి తీసుకోవాలి. రెండు భాషలకూ ఒకే నోరు సరిపోతుంది. పద్యాలకు మాత్రం పాత పద్ధతే నప్పుతుంది.

పద్యం దగ్గర తెలుగువాడికి ఉన్న బలం గురించి ఎవరూ చెప్పరు. లాటిన్ పద్యం గురులఘువుల మీద నడుస్తుంది. రోమన్ కవి వర్జిల్ వాడిన హెక్సామీటర్‌కు ఆరు గణాలు. మొదటి నాలుగింటిలో ఒక్కోటి భగణం గానీ, రెండు గురువులు గానీ. ఐదోది దాదాపు ఎప్పుడూ భగణం. ఆరోది గగ లేదా గల. ఆయన కావ్యం ఏనియడ్ మొదటి పాదాన్ని మన పద్ధతిలో విడగొడితే ఇలా ఉంటుంది:

అర్మవి | రుంక్వెక | నోత్రో | యైక్వీ | ప్రీముస | బోరీస్

గలల, గలల, గగ, గగ, గలల, గగ. 'ప్రీముస్ అబ్ ఓరీస్' మూడు మాటలు కలిసిపోయి 'ప్రీముసబోరీస్' అయ్యాయి. మూడో పాదంలో 'ముల్తుం ఇల్లె ఎత్' అన్నది పలికేటప్పుడు 'ముల్తిల్లెత్' అవుతుంది. ఉత్వ సంధి చేసినంత సహజంగా అచ్చు లోపిస్తుంది, దాని వెనకున్న మకారాన్ని కూడా తీసుకుపోతుంది. ప్రాస లేదు. యతి ఉంది, కానీ అది సంస్కృత ఛందస్సులో లాంటి విరామం, అక్షరమైత్రి కాదు. ఒక్క జాగ్రత్త: 'క్వ'లో మనకు వత్తు కనిపిస్తుంది, లాటిన్ లెక్కలో అది ఒకే హల్లు. దాని ముందు అక్షరం గురువు కాదు. ఇంగ్లీషులో చదువుకున్న విద్యార్థి ఈ గురులఘువులను లెక్కగా నేర్చుకుంటాడు. చిన్నప్పుడు ఉత్పలమాలకు గణవిభజన చేసినవాడు చెవితో పట్టుకుంటాడు.

ఇంత ఉండీ లాటిన్‌నే ముందు పెట్టమని అందరికీ చెప్పలేకపోవడానికి కారణం ఒకటే, ఆలస్యం. మొదటి నాలుగైదు నెలలు పట్టికలు వల్లెవేయడంలోనే గడుస్తాయి. చదివేది కల్పించిన వాక్యాలు. తెలుగునాట నేర్పేవారు దొరకడం కష్టం. ఒంటరిగా మొదలుపెట్టినవారు మూడో తరగతి నామవాచకాల దగ్గర వదిలేస్తారు. అక్కడ ప్రథమా విభక్తి రూపం చూస్తే ప్రాతిపదిక తెలియదు: రెక్స్ (రాజు), షష్ఠిలో రేగిస్. విరుగుడు, ప్రతి నామాన్నీ ప్రథమ, షష్ఠి రెండు రూపాలతో కలిపే కంఠస్థం చేయడం. మొదటి రోజు నుంచీ చేస్తే ఆ గోడ తగలదు.

ఇటాలియన్: పనివాళ్ళ భాష

ఇటాలియన్ మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. త, ద మన త, ద లే. ద్విత్వం ఉంటే ఒక మాట, లేకపోతే మరో మాట: మనకు గుడి, గుడ్డి ఎలాగో వాళ్ళకు సేతె (దాహం), సెత్తె (ఏడు). పాల అంటే బలిపీఠం మీది చిత్రఫలకం, పల్ల అంటే బంతి. ద్విత్వం లేని భాషల నుంచి వచ్చేవారు దీనికోసం కష్టపడతారు. తెలుగువారు రెండో రోజే పలుకుతారు. ఇంకో చిన్న నియమం తెలిస్తే పేర్లన్నీ సర్దుకుంటాయి. ఇ, ఎ ముందు 'సి' అక్షరం చకారం, మధ్యలో 'హెచ్' చేరితే కకారం. అందుకే బొత్తిచెల్లి, బ్రునెల్లెస్కి. మనం మైఖెలాంజిలో అంటున్నది అక్కడ మికెలాంజెలొ.

ఉచ్చారణ సుళువన్నది చిన్న సంగతి. అసలు కారణం, 15వ శతాబ్దపు కార్ఖానాలో పని ఈ భాషలోనే జరిగింది. లెయోనార్దో తనను తాను 'చదువులేనివాడు' అన్నాడు. చదువంటే ఆ రోజుల్లో లాటిన్. పండితుడు అల్బెర్తి 1435లో చిత్రకళ మీద లాటిన్‌లో పుస్తకం రాశాడు, దాన్నే ఇటాలియన్‌లోకి మార్చి 1436లో వాస్తుశిల్పి బ్రునెల్లెస్కికి అంకితమిచ్చాడు. పండితుడికి ఒకటి, పనివాడికి ఒకటి. గోడచిత్రాల పరిభాష చూడండి. గోడ మీద ముందు గరుకు పూత అరిచ్చో. దాని మీద సన్నని తడి సున్నపు పూత ఇంతొనాకో. ఒక రోజులో ఆరకముందే రంగు వేయగలిగినంత మేరకే ఇంతొనాకో పూస్తారు. ఆ ముక్క పేరు జొర్నాత, అంటే 'ఒక రోజు పని'. పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు వేస్తే ముక్కల అంచులు కనిపిస్తాయి. ఏ ముక్క అంచు దేని మీదికి ఎక్కిందో చూసి ఏది ముందు, ఏది తర్వాత, ఎన్ని రోజులు అని లెక్కగడతారు. రంగును గోడలో బంధించేది గాలి తగిలి గట్టిపడే సున్నం. అజురైట్ నీలం మాత్రం తడి సున్నంలో నిలవదు, ఆరాక జిగురుతో వేసేవారు. చాలా గోడల మీద మరియ నీలి వస్త్రమే ముందు రాలిపోయి ఉండటానికి కారణం అది.

ఇటాలియన్ ఎవరి కోసమో ఒక గోడే చెబుతుంది. ఫ్లోరెన్స్‌లోని సాంత మరీయ నొవెల్లా చర్చిలో మసాచ్చో 1427 ప్రాంతంలో వేసిన 'త్రిత్వం' గోడచిత్రం కింది భాగంలో అస్థిపంజరం, దాని పైన రాత: "మీరిప్పుడు ఏమిటో నేనొకప్పుడు అదే, నేనిప్పుడు ఏమిటో మీరూ అదే అవుతారు." ఇది లాటిన్ కాదు, తోస్కానా జనం మాట. దారిన పోయే ప్రతివాడికీ అందాలని. ఏడేళ్ళ తర్వాత, 1434లో, ఫ్లాండర్స్‌లో యాన్ వాన్ ఐక్ దంపతుల చిత్రంలో గోడ అద్దం పైన 'యోహాన్నెస్ దె ఐక్ ఫుయిత్ హిక్' (ఇక్కడ ఉన్నాడు) అని లాటిన్‌లో, దస్తావేజు రాసే అలంకార లిపిలో సంతకం చేశాడు. మసాచ్చో గోడ మీది 'ఫు', వాన్ ఐక్ 'ఫుయిత్' ఒకే ధాతువు, ఒకే భూతకాలం. ఒకటి జనానికి, ఒకటి రికార్డుకు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు తరగతి ఎంపికలో. మాట్లాడే ఇటాలియన్ కోర్సులో కాఫీ అడగడం, రైలు టికెట్ కొనడం, నిన్న ఏం చేశానో చెప్పడం వస్తాయి. ఆ 'నిన్న' సహాయక్రియతో కూర్చిన భూతకాలం. వసారి రాసిన చిత్రకారుల జీవితాలు (1550, పెంచి 1568) తెరిస్తే మొదటి పేజీలోనే వేరే భూతకాలం, పస్సాతో రెమోతో. తరగతిలో అది ఎప్పుడో చివరికి వస్తుంది. కాబట్టి మూడో నెలలోనే ఈ పది రూపాలు విడిగా నేర్చుకోవాలి: నక్క్వె (పుట్టాడు), ఫు (ఉండెను), ఎబ్బె (కలిగెను), ఫేచె (చేశాడు), దిస్సె (అన్నాడు), వీదె (చూశాడు), వెన్నె (వచ్చాడు), ప్రేసె (తీసుకున్నాడు), దిపిన్సె (చిత్రించాడు), మోరీ (చనిపోయాడు). జీవితచరిత్ర వచనంలో వెన్నెముక ఇదే. వసారి వాక్యం పొడుగు, పైగా ఆయన చెప్పిందల్లా నిజం కాదు. దొమెనికో వెనెత్సియానోను అంద్రేయా దెల్ కస్తాన్యో చంపాడని రాశాడు. కస్తాన్యో 1457లో పోయాడు, దొమెనికో 1461లో. మొదటి వచన పాఠంగా చిత్రకారుడు చెన్నీనో చెన్నీని రాసిన చిత్రకళ పనిపద్ధతుల పుస్తకం మేలు. 1400 ప్రాంతపు ఆ పుస్తకంలో వంట చెప్పినట్టు 'తీసుకో, నూరు, కలుపు' అని విధ్యర్థక క్రియలు నడుస్తాయి, మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

డాంటే కావ్యం 'దివీన కొమ్మేదియ' 100 సర్గలు, 14,233 పాదాలు. పాదానికి 11 అక్షరాలు, పదో అక్షరం మీద ఊనిక తప్పనిసరి. గురులఘువుల లెక్క లేదు. మొదటి పాదం: నెల్ మెద్జొ దెల్ కమ్మీన్ ది నోస్త్ర వీత. 'వీ' పదోది. 'కమ్మీనొ' చివరి అచ్చు అక్షరసంఖ్య కోసం కత్తిరించారు. ఇలాంటి కత్తిరింపులు తెలియకపోతే నిఘంటువులో మాట దొరక్క విసుగొస్తుంది. మూడేసి పాదాల కట్టులో మధ్య పాదపు అంత్యప్రాస తర్వాతి కట్టుకు మొదటి ప్రాస అవుతుంది. గొలుసులా ఒకదాన్ని ఒకటి లాక్కుపోయే ఈ నడక ఏ అనువాదంలోనూ పూర్తిగా దక్కలేదు.

పదాలు నేటివే, అర్థాలు నాటివి. అసలు ఉచ్చు ఇక్కడుంది. డాంటే 'వీత నువొవ'లోని ప్రసిద్ధ సానెట్ (14 పాదాల పద్యం) మొదటి పాదం: తాంతొ జెంతీలె ఎ తాంతొ ఒనెస్త పారె. ఈనాటి ఇటాలియన్‌తో చదివితే 'ఎంతో మర్యాదస్తురాలు, ఎంతో నిజాయితీపరురాలు అనిపిస్తుంది' అని వస్తుంది. మూడు మాటలూ తప్పే. ఆనాటి జెంతీలె అంటే ఉదాత్తమైనది, ఒనెస్త అంటే నడవడిలో హుందా ఉన్నది, పారె అంటే 'అనిపిస్తుంది' కాదు, 'స్పష్టంగా వెలుస్తుంది'. అల్బెర్తి 'ఇస్తోరియా' చరిత్ర కాదు, కథను చెప్పే బహుపాత్ర చిత్రం. మాకియవెల్లి 'విర్తూ' సద్గుణం కాదు, లాటిన్ 'విర్తుస్' నుంచి వచ్చిన సామర్థ్యం, పౌరుషం. తెలిసినట్టు కనిపించే మాట దగ్గరే నిఘంటువు తెరవాలి. ఇటాలియన్ తర్వాత లాటిన్ ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది: పాత అర్థం చాలాసార్లు లాటిన్ అర్థమే.

ఫ్రెంచ్, జర్మన్

సదుపాయంలో ఫ్రెంచ్‌ది పైచేయి. హైదరాబాద్‌లో అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది, మెట్ల వారీగా పరీక్షలున్నాయి. తెలుగు చెవికి మాత్రం ఇది కష్టం. పచ్చ, గాజు, వైపు, పురుగు అనే నాలుగు వేర్వేరు మాటలు నాలుగు వేర్వేరు స్పెల్లింగులతో రాసి ఒకేలా 'వేర్' అని పలుకుతారు. రాసినది రాసినట్టు చదివే మనకు మొదటి ఆరు నెలలు ఇబ్బందే. చదవడమే లక్ష్యమైతే ఆ ఇబ్బందిలో సగం లెక్కలోకి రాదు. 1759లో మొదలైన దిద్రో చిత్రప్రదర్శన సమీక్షలు, బోద్‌లేర్ కళావిమర్శ, 1874 ఇంప్రెషనిస్టుల ప్రదర్శన మీద పత్రికల గొడవ, అన్నీ ఫ్రెంచ్‌లోనే ఉన్నాయి. ఇక్కడా అదే హెచ్చరిక: నవలల భూతకాలం తరగతిలో ఆలస్యంగా వస్తుంది, 'ఫ్యూ', 'ఫీ' వంటి రూపాలు ముందే నేర్చుకోవాలి.

భాష చరిత్ర మీదే ప్రేమ ఉన్నవారికి ఫ్రెంచ్‌లో ఒక నిధి ఉంది. 842లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇద్దరు రాజసోదరులు ఒకరి సైన్యానికి అర్థమయ్యేలా ఇంకొకరు ప్రమాణం చేశారు. లూయీ లాటిన్ నుంచి పుట్టిన రోమన్స్ భాషలో, చార్లెస్ జర్మన్‌లో. రోమన్స్ పాఠం 'ప్రొ దెయొ అముర్' అని మొదలవుతుంది, దేవుని ప్రేమ కొరకు. లాటిన్ షష్ఠి రూపం అప్పటికే పోయింది, ఈనాటి 'ద' ఇంకా రాలేదు. మాట ఒట్టిగా నిలబడి షష్ఠి పని చేస్తోంది. విభక్తి చచ్చిపోతున్న క్షణాన్ని అక్షరాల్లో చూడగలిగే చోటు ఇది. తర్వాత పాత ఫ్రెంచ్‌లో రెండే విభక్తులు మిగిలాయి. చార్లెస్ పేరు చివర ఇప్పటికీ రాసి పలకని సకారం ఆ ప్రథమా విభక్తి ప్రత్యయమే. లాటిన్ తెలియకుండా ఈ ప్రమాణాలు చదివితే ఇందులో విశేషం ఏమీ కనిపించదు.

జర్మన్ మొదటి భాషగా వద్దు, పరిశోధన చేయాలనుకుంటే తప్పదు. వింకెల్‌మన్ (1764), బుర్క్‌హార్ట్ (1860), వోల్‌ఫ్లిన్ (1915) కళాచరిత్రను ఒక శాస్త్రంగా కట్టింది ఈ భాషలో. అసలు పునరుజ్జీవనం అన్న పేరే చూడండి: వసారి ఇటాలియన్‌లో 'రినాషిత' అన్నాడు, చరిత్రకారుడు మిష్లే 1855లో ఫ్రెంచ్ మాట 'రనెసాన్స్'ను ఒక యుగానికి పేరు చేశాడు, బుర్క్‌హార్ట్ దాన్నే జర్మన్ పుస్తకంలో స్థిరపరిచాడు. తొలి తెలుగు అచ్చు పుస్తకాలు 1746 ప్రాంతంలో వెలువడింది జర్మనీలోని హాలేలోనే. వాటి వెనకున్న మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ తెలుగు వ్యాకరణాన్ని రాసింది లాటిన్‌లో. మన భాష చరిత్ర చదివేవారికి కూడా ఈ రెండు భాషలూ ఎక్కడో ఒకచోట అడ్డుపడతాయి.

గంటల లెక్క

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క ప్రకారం ఇంగ్లీషు వచ్చినవారు ఉద్యోగానికి సరిపడా మాట్లాడాలంటే ఇటాలియన్, ఫ్రెంచ్‌లకు 600 నుంచి 750 తరగతి గంటలు, జర్మన్‌కు 900 దాకా కావాలి. చదవడానికి మాత్రమే అయితే అంత అక్కరలేదు. రోజుకు గంట, వారానికి ఆరు రోజులు అంటే ఏడాదికి 300 గంటలు.

మొదటి ఆరు నెలలు, 150 గంటలు, ఇటాలియన్ వ్యాకరణం. మూడో నెల నుంచి ఆ పది క్రియారూపాలు, నాలుగో నెల నుంచి చెన్నీని రోజుకు అయిదారు వాక్యాలు. ఏడో నెల నుంచి గంటను చీల్చాలి: 40 నిమిషాలు డాంటే, 20 నిమిషాలు లాటిన్. డాంటే మొదట్లో కూర్చున్నప్పుడల్లా మూడు కట్లు, అంటే తొమ్మిది పాదాలకు మించి నడవదు. మొదటి సర్గ 136 పాదాలు, పదిహేను పదహారు రోజులు పడుతుంది. రెండో సర్గకు వేగం పెరుగుతుంది. పక్కపక్క పేజీల్లో మూలం, అనువాదం ఉన్న పుస్తకమైతే అనువాదం పేజీని కాగితంతో కప్పి, కట్టు పూర్తయ్యాకే తీయాలి. లేకపోతే కన్ను తెలిసిన భాష వైపే పోతుంది, ఏడాది గడిచినా చదవడం రాదు.

ఆ 20 నిమిషాల లాటిన్‌ను వర్జిల్‌తో మొదలుపెట్టకూడదు. జెరోమ్ లాటిన్ బైబిల్లో లూకా 1వ అధ్యాయం 26 నుంచి 38 దాకా, పక్కన తెలుగు బైబిలు పెట్టుకుని. వాక్యాలు పొట్టివి, మాటల వరస సూటిగా ఉంటుంది, ఈ పదమూడు వచనాలతో యూరప్‌లోని దేవదూత వార్త చిత్రాల్లో చాలావాటి మీది రాతలు చదవగలుగుతారు. కొన్ని చిత్రాల్లో మరియ జవాబు 'ఎచ్చె అంచిల్ల దోమిని' (ఇదిగో ప్రభువు దాసిని) తలకిందులుగా రాసి ఉంటుంది. ఘెంట్‌లో 1432 నాటి వాన్ ఐక్ సోదరుల బలిపీఠంలో అలాగే ఉంది. పైనుంచి చూసే దేవుడు చదువుకోవాలని.

ఏడాది చివర్లో రెండు భాషలూ కలిసి పనికొచ్చే బొమ్మ ఒకటుంది: బొత్తిచెల్లి ప్రిమవేర, 1480 ప్రాంతం. కుడి అంచున గాలిదేవుడు ఒక అమ్మాయిని పట్టుకుంటున్నాడు, ఆమె నోటి నుంచి పూలు రాలుతున్నాయి, పక్కనే పూల చీరలో ఇంకొకామె. ఇద్దరు స్త్రీలుగా కనిపిస్తారు. ఓవిడ్ ఫాస్తి ఐదో పుస్తకం 194, 195 పాదాలు తీయండి. మాట్లాడుతుంటే ఆమె నోట వసంత గులాబీలు వీస్తాయి, ఆమె అంటుంది: క్లోరిస్ ఎరమ్, క్వై ఫ్లోర వొకోర్. 'క్లోరిస్‌ని, ఉండేదాన్ని, ఫ్లోరా అని పిలవబడుతున్నాను.' ఎరమ్ భూతకాలం, వొకోర్ వర్తమానం. చిత్రకారుడు ఆ రెండు క్రియలను పక్కపక్కన రెండు శరీరాలుగా నిలబెట్టాడు. అదే తోటను, అదే వీనస్‌ను ఫ్లోరెన్స్ కవి పొలిత్సియానో ఇటాలియన్ పద్యాల్లో పాడాడు. ఓవిడ్ పాదాలు చదివాక ఆయన పద్యాలు తీసి, బొమ్మను కుడి నుంచి ఎడమకు మళ్ళీ చూడండి.